విప్పని పెట్టె

కోనసీమలోను, గోదావరి గట్ల వెంబడి గ్రామములలోను, రాజంపేట చుట్టుపట్లను కువైటునకు పోయినవారు లేని వీధి అరుదు. ఆదివారమున వారి నిమిత్తము ప్రార్థించునప్పుడు మనము పెద్ద అపాయములనే తలంచుదుము: రోగము, ప్రమాదము, జీతము రాకపోవుట. అవి తలంచవలసినవే. అయితే నేను ఆ పట్టణమందు నాలుగేండ్లు ఒక గోదాములో లెక్కలు వ్రాసి తిరిగి వచ్చినవాడను. అక్కడ మనుష్యుని మనస్సును ముందుగా నలుగగొట్టునవి పెద్ద సంగతులు కావు. చిన్నవి, ఇంటికి ఫోనులో చెప్పుటకు సిగ్గనిపించునంత చిన్నవి.

మా ఊరిలో సంఘపు లెక్కలు పండ్రెండేండ్లు నా చేతిమీదుగా నడిచినవి. అటువంటి నేను అక్కడ మొదటి వారమున రొట్టె ధర చదువలేకపోతిని. అరబ్బీ అంకెలలో అయిదు మన సున్నవలె గుండ్రముగా నుండును. సున్న ఒక్క చుక్క మాత్రమే. ఆరు మనము వ్రాయు ఏడువలె నుండును. దీనారునకు వెయ్యి ఫిల్సులు. దుకాణపువాడు 250 అనగానే గుండె ఝల్లుమన్నది. అది పావు దీనారే. (1961వ సంవత్సరము వరకు కువైటులో మన రిజర్వు బ్యాంకు రూపాయలే చెల్లుచుండెను. ఆ కాలమున పోయినవారు ఈ మాత్రము సుఖపడిరి.)

చిరునామా యన్నను అంతే. మనకు చింతచెట్టు దాటి రెండవ ఇల్లు చాలును. అక్కడ ప్రాంతము, బ్లాకు, వీధి, భవనపు సంఖ్య కావలెను. నాలుగింటిలో ఒకటి తప్పినను దిక్కు లేదు. అకామా యనబడు నివాస అనుమతికి వైద్యపరీక్ష, వేలిముద్రలు. పిమ్మట బతాకా యను గుర్తింపు కార్డు. అది చేతికి వచ్చువరకు వరుసలో నిలుచుట, రేపు రమ్మనిపించుకొనుట. ఎండ సంగతి వ్రాయను. 2016 జూలైలో ఆ దేశపు మిత్రిబా అను చోట 53.9 డిగ్రీలు నమోదైనదంటే చాలును. ఆరాధన శుక్రవారమున. పట్టణములోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణమునందు అనేక భాషల సంఘములు గంటల వంతున కూడుకొనును. మనము ఆమేన్ అనులోపల మరియొక భాషవారు గుమ్మమునొద్ద పాటలపుస్తకములతో నిలిచియుందురు. ఆదివారము ప్రొద్దున గోదాములో బస్తాలు లెక్కించుచు, ఇప్పుడు మా ఊరిలో గంట కొట్టియుందురు అనుకొనుట నాకు చివరివరకు తప్పలేదు.

ఇవన్నియు కలిసి ఎదిగిన మనుష్యుని పసివానిగా చేయును. ఊరిలో పదిమంది తగవు తీర్చినవాడు పాలపొట్లము కొనుటకు ఇరువది యేండ్ల కుఱ్ఱవానిని వెంటబెట్టుకొని పోవలెను. బిడ్డలవంటివారు కావలెనని ప్రభువు చెప్పెను గదా యని ఒక సహోదరుడు నన్ను ఓదార్చెను. ఆ వాక్యము ఆ సందర్భమునకు చెప్పినది కాదని నా అభిప్రాయము.

ఈ అవమానమునకు మా గదిలో అందరము ఒకే మందు మ్రింగుచుంటిమి: "రెండేళ్లే కదా!" ఒప్పందము రెండేండ్లు. రెండేండ్లకు భాష యెందుకు? పొరుగువాని పేరు యెందుకు? నా పెట్టె ఆరు నెలలు మంచము క్రింద తాడుతోనే యుండెను. కావలసిన చొక్కాను మూత సందులోనుండి లాగుకొనుచుంటిని. మా గదిలో కోనసీమ పెద్దాయన ఒకరుండెను. ఆయన అటువంటి రెండేండ్లు తొమ్మిది గడిపెను. మూడవ రెండేండ్లలో కుమార్తె పెండ్లి, అయిదవ రెండేండ్లలో తల్లి మట్టి.

యిర్మీయా గ్రంథము 28, 29 అధ్యాయములు నేను అక్కడ చదివినట్లు ఇక్కడ ఎన్నడును చదువలేదు. హనన్యా చెప్పినదియు రెండేండ్లే! రెండేండ్లలో బబులోను కాడి విరుగునని అతడు ప్రవచించెను. యిర్మీయా డెబ్బది యేండ్లని ఉత్తరము వ్రాసి, ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, ఆ పట్టణపు క్షేమము కోరి ప్రార్థించుడి యని చెరలోనివారికి చెప్పెను. హనన్యాను నమ్మినవారు దుష్టులు కారు, ఇల్లు తలంచుకొన్నవారు. అయినను ఆ తియ్యని మాట వారి దినములను తినివేసెడిది.

అయితే ఒక చిక్కున్నది. యిర్మీయా తోట నాటుమనెను. మనవారికి అక్కడ నాటుటకు మన్ను లేదు. అకామా యజమాని పేరుతో ముడిపడియుండును. ఇంటిపని చేయువారికి వారమునకొక దినము సెలవు, దినమునకు పండ్రెండు గంటలకు మించని పని అని 2015వ సంవత్సరపు 68వ చట్టము చెప్పుచున్నది. ఆ చట్టము ప్రతి ఇంటి గడప దాటినదని తిరిగి వచ్చిన మన అక్కచెల్లెండ్రెవరును నాతో చెప్పలేదు. గడప దాటలేనిదానికి ఈ ఉత్తరము చదివి వినిపించుటకు నాకు నోరు రాదు. చికాకు వేరు, అన్యాయము వేరు. అంకెలు రాకపోవుట నేర్చుకొనదగినది. కూలి బిగబట్టుట ఓర్చుకొనదగినది కాదు. పరదేశి కూలి సూర్యుడు అస్తమింపకముందే యియ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము యజమానునితో చెప్పుచున్నది.

నా మట్టుకు నన్ను పట్టుకొన్న ప్రశ్న ఇది: నేను సణుగుచున్నది ఎవరిమీద? ఆ దేశమందు మూడింట రెండు వంతుల జనము పరదేశులే. నన్ను కసరిన దుకాణపువాడు మలయాళీ. మా భవనపు కాపలాదారుడు ఈజిప్టువాడు. ఒక సాయంకాలము ధర చీటి పట్టుకొని మెట్లమీద కూర్చుండగా అతడు నా చేతిలోనిది చూచి, నవ్వక, సిగరెట్టు పెట్టె అట్ట చించి, ఒకటి నుండి పది వరకు రెండు వరుసలుగా వ్రాసి యిచ్చెను. తన బిడ్డల ఫొటో చూపెను. ఏడేండ్లుగా అక్కడ ఉన్నాడట. ఆరు నెలలు అతనిని దాటి పోవుచు నేను ఒక్క సలాము చెప్పియుండలేదు. పట్టణక్షేమము అని యిర్మీయా వ్రాసినప్పుడు నేను గోపురములను, రాజులను ఊహించుకొంటిని గాని మెట్లమీది మనుష్యుని కాదు. ఆ రాత్రి పెట్టె తాడు విప్పితిని.

కోనసీమ పెద్దాయన కిటికీలో ఒక నూనెడబ్బా నుండెను. అందులో ధనియాలు నలిపి చల్లి కొత్తిమెర పెంచెడివాడు. మన పప్పులోనికి కొంత, క్రింద ఈజిప్టువానికి కొంత. ఆయన ఊరికి పోవుచు దానిని నాకు అప్పగించెను. నేను వచ్చునప్పుడు నెల్లూరునుండి క్రొత్తగా వచ్చిన తమ్మునికి అప్పగించబోతిని.

"నాకు రెండేళ్లే కదన్నా, ఇదెందుకు?" అనెను.

"నీళ్లు పొద్దున్నే పొయ్యి తమ్ముడూ. మధ్యాహ్నం తెర వెయ్యి, లేకపోతే మాడిపోద్ది" అని చెప్పి, క్రింద బండి వచ్చియున్నందున దిగివచ్చితిని.