నిర్బంధం ఎవరి మీద?

'నిర్బంధ విద్య' అనగానే పిల్లల మీదో, వాళ్ల అమ్మానాన్నల మీదో బలవంతం అనుకుంటాం. 2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం ఎనిమిదో సెక్షను చదివితే, ఆ నిర్బంధం ప్రభుత్వం మీద: ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని చేర్పించడం, రప్పించడం, చదువు పూర్తిచేయించడం దాని పూచీ. బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని పదో సెక్షను అంటుంది గానీ, చేర్చకపోతే శిక్షేమిటో చెప్పదు. ఇంగ్లండులో 2002లో, కూతుళ్లు బడి ఎగ్గొట్టినందుకు ఒక తల్లిని జైలుకే పంపారు.

మనం శిక్ష బదులు డబ్బు పెట్టాం. 2020 జనవరి 9న చిత్తూరులో మొదలైన అమ్మఒడి కింద తల్లి ఖాతాలో ఏడాదికి 15,000 అన్నారు. 2022 విడతకి 75 శాతం హాజరు తప్పనిసరి చేశారు. ఆ డబ్బు మీద అప్పు తెచ్చుకున్న ఇంట్లో, అది రాకపోతే జరిమానా కాక మరేమిటి? అదీ అమ్మకే. నాన్న ఊసే లేదు! పైగా హాజరు పట్టీలో ఉండేవి రెండే విలువలు (మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి బాగా నచ్చే పద్ధతి): వచ్చాడు, రాలేదు. ఎందుకు రాలేదో రాసే గడి ఉండదు.

అలాగని పేదరికం అంటూ తల్లిదండ్రుల్ని వదిలేయడమూ నాకు ఒప్పుదల కాదు. పేదవాళ్లకీ పిల్లల్ని చదివించాలనే ఉంటుందని శాంతా సిన్హా రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిచేసి చూపించారు. అలిపిరి మెట్ల దగ్గర బడివేళలో ఒక పిల్లాడు నామం పెడతానంటూ వస్తే, వాళ్లమ్మని తిట్టుకుంటూనే నుదురు చాపి, చిల్లర ఇచ్చి కొండెక్కేవాళ్లం మనమే కదా. మనకి ఏ సెక్షనూ లేదు.