గదిలో ఇంకెవరున్నారు?

బరియల్ గురించి తెలిసినవాళ్లు ఇద్దరు కలిస్తే మాట వెంటనే సౌండ్ ఫోర్జ్ మీదికి పోతుంది. దక్షిణ లండన్ కుర్రాడు. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఒక కంప్యూటర్ తప్ప స్టూడియో అనదగ్గదేమీ లేదు. బరియల్ అనేది పెట్టుకున్న పేరు, ఖననం అని అర్థం. 2006లో అదే పేరుతో ఒక ఆల్బమ్, 2007లో ‘అన్‌ట్రూ’ అని ఇంకోటి చేశాడు. రెండూ హైపర్‌డబ్ అనే చిన్న లేబుల్ నుంచి వచ్చాయి. చేసిందేమో సౌండ్ ఫోర్జ్‌లో. ఆ సాఫ్ట్‌వేర్ వాడినవాళ్లకి ఇక్కడ నవ్వొస్తుంది. అది రికార్డు చేసిన శబ్దాన్ని కత్తిరించుకోవడానికి, శుభ్రం చేసుకోవడానికి పనికొచ్చేది. పాట కట్టాలంటే అందరూ సీక్వెన్సర్ వాడతారు. అది తాళాన్ని గళ్లుగా గీసి చూపిస్తుంది, ఏ దెబ్బ ఏ గడిలో పడాలో చెబితే సరిగ్గా అక్కడే వేస్తుంది. బరియల్ అది వాడలేదు. పెళ్లి శుభలేఖ మొత్తం నోట్‌ప్యాడ్‌లో, స్పేస్ బార్ నొక్కుకుంటూ డిజైన్ చేసినట్టు అన్నమాట.

డ్రమ్స్ కుదిరాయో లేదో ఎలా తెలుస్తుందంటే, తెరమీద ఆ శబ్దం ఆకారం చేప ముల్లులా కనబడితే కుదిరినట్టే అని ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. చెవితో పాటు కంటిని నమ్ముకున్నాడు. గడి లేదు కాబట్టి దెబ్బలు కాస్త ముందూ వెనకా పడతాయి. రాత్రి ఆఖరి బస్సు దిగి ఇంటికి నడుస్తున్న మనిషి అడుగుల్లా ఉంటుంది ఆ తాళం. ఇయర్‌ఫోన్స్‌లో, రాత్రి పదకొండు దాటాక వినాల్సిన సంగీతం. పగలు ట్రాఫిక్‌లో వింటే ఏమీ అర్థం కాదు, నా అనుభవం.

ఈ కథ మనకి చాలా నచ్చుతుంది. గది, రాత్రి, కంప్యూటర్, ఒక్కడు. గురువు లేడు, డబ్బు లేదు, సరైన పనిముట్టు కూడా లేదు. ఇంజినీరింగ్ హాస్టల్లో క్రాక్ చేసిన ఎఫ్ఎల్ స్టూడియోతో బీట్లు చేసిన ప్రతివాడూ ఈ కథలో తనని చూసుకుంటాడు. నాకు కూడా నచ్చే కథే. కానీ ‘అన్‌ట్రూ’ ఎన్నిసార్లు వింటే అన్నిసార్లు ఆ ‘ఒక్కడు’ అనే మాట దగ్గర ఆగిపోతాను. ఆ గదిలో బోలెడుమంది ఉన్నారు. ఆ ఆల్బమ్‌లో బాగా పేరొచ్చిన ‘ఆర్కేంజెల్’లో పాడుతున్నది రే జే అనే అమెరికన్ గాయకుడు, ‘వన్ విష్’ అనే పాటలోంచి. అతని గొంతుని ముక్కలు చేసి, ఒక ముక్క స్థాయి పెంచి, ఇంకో ముక్క తగ్గించి, వాటిని అతికి కొత్త వరస చేశాడు. వింటే అది ఆడ గొంతో మగ గొంతో చెప్పలేం. మిగతా పాటల నిండా ఇలాగే ఎక్కడెక్కడివో గొంతులు. వాన చప్పుడు, పాత రికార్డు మీద సూది చిటపటలు, వీడియో గేముల్లోని శబ్దాలు. ఈ మనుషుల్లో చాలామందికి తాము ఆ గదిలో ఉన్నట్టు తెలియదు. వాళ్లకి అతను ఏమైనా బాకీ ఉన్నాడా?

‘శాంపిల్ క్లియరెన్స్’ అని చట్టం ఒక జవాబు చెబుతుంది. రికార్డు హక్కులున్న కంపెనీకి, పాట రాసినవాళ్లకి డబ్బు కట్టి అనుమతి తీసుకోవాలి. మంచిదే, కానీ ఆ డబ్బు పాడినవాళ్లకీ వాయించినవాళ్లకీ చేరుతుందన్న నమ్మకం లేదు. చేరనిదానికి అందరూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1969లో అమెరికాలో ది విన్‌స్టన్స్ అనే బ్యాండ్ ‘కలర్ హిమ్ ఫాదర్’ అనే హిట్ పాట చేసింది. ఆ రికార్డు రెండో వైపు నింపడానికి ‘ఆమెన్, బ్రదర్’ అని ఒకటి వాయించారు. మధ్యలో మిగతావాళ్లంతా ఆగిపోతే గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే నాలుగు బార్లు డ్రమ్స్ వాయిస్తాడు. మొత్తం ఏడు సెకన్లు కూడా ఉండదు. హిప్‌హాప్‌వాళ్లు దాన్ని తీసుకున్నారు. తర్వాత తొంభైల్లో ఇంగ్లండ్ కుర్రాళ్లు వేగం పెంచి, ముక్కలు చేసి, జంగిల్ అనే సంగీతాన్ని చాలావరకు దానిమీదే కట్టేశారు. వేల పాటలు. బరియల్ చిన్నప్పుడు అన్నల దగ్గర విన్నది ఆ జంగిలే. కోల్‌మన్‌కి వాటినుంచి రూపాయి రాలేదు. 2006లో, అంటే బరియల్ మొదటి ఆల్బమ్ వచ్చిన ఏడాదే, ఇల్లూ వాకిలీ లేని స్థితిలో చనిపోయాడు. 2015లో బ్రిటన్ డీజేలు చందాలు వేసి 24,000 పౌండ్లు పోగుచేసి బ్యాండ్ నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి ఇచ్చారు. చందా అనేమాట చూడండి. జీతం అనలేదు, రాయల్టీ అనలేదు.

గురువు లేకుండా నేర్చుకున్నవాడు అనగానే మనకి ఏకలవ్యుడు గుర్తొస్తాడు. అతని బొటనవేలు గురించి చాలామంది చాలా రాశారు, రాయాల్సిందే, అది అన్యాయం. నాకు ఆసక్తి దానికి ముందు జరిగిన దాని మీద. ద్రోణుడు కాదన్నాక ఏకలవ్యుడు అడవిలోకి వెళ్లి మట్టితో ద్రోణుడి బొమ్మ చేసుకుంటాడు. అడక్కుండా. ఒక మనిషి రూపాన్ని, ఆ మనిషికి తెలియకుండా, తన విద్యలో భాగం చేసుకున్నాడు. ఇవాళ్టి భాషలో శాంపిల్ చేసుకున్నాడు. అయినా అది తప్పని మనలో ఎవరికీ అనిపించదు. ఎందుకని? బొమ్మ పెద్దవాడిది కాబట్టి. ద్రోణుడి వెనక హస్తినాపురం ఉంది. తన రూపం వాడుకున్నారని తెలిసిన రోజున నేరుగా వచ్చి అడగగలడు, అడిగాడు కూడా, అడగకూడనంత అడిగాడు. అదే ఒక రాజకుమారుడు అడవిలో పేరులేని విలుకాడి బొమ్మ చేసుకుని, ఆ విద్యతో రాజసభలో పేరు తెచ్చుకుని ఉంటే? చేసిన పని అదే. కానీ మనం ఆ కథని అంత ప్రేమగా చెప్పుకునేవాళ్లం కాదు.

అందుకే ‘శాంపిలింగ్ దొంగతనమా, కళా’ అనే పాత చర్చ నాకు విసుగు. ఎవరు ఎవరిది తీసుకున్నారో చెప్పకుండా దానికి జవాబు లేదు. రే జే దగ్గర లాయర్లున్నారు, కంపెనీ ఉంది. ఊరూ పేరూ తెలియని ఒక కుర్రాడు అతని గొంతుని తీసుకుంటే నాకు పెద్దగా బెంగ లేదు. కోల్‌మన్ తలుపు తట్టగలిగిన స్థితిలో లేడు.

ముఖం సంగతి కూడా ఉంది. 1989లో ఇటలీ నుంచి వచ్చిన బ్లాక్ బాక్స్ అనే గ్రూపు ‘రైడ్ ఆన్ టైమ్’ పాట బ్రిటన్‌లో ఆరు వారాలు మొదటి స్థానంలో ఉంది. అందులో గొంతు లొలీటా హాలోవే అనే నల్లజాతి గాయనిది, 1980 నాటి ఆమె పాటలోంచి తీసింది. వీడియోలో, టీవీల్లో పెదవులు కదిపింది మాత్రం ఒక మోడల్. హాలోవే లాయర్ని పెట్టుకున్నాకే పరిహారం వచ్చింది. గొంతు ఒకరిది, ముఖం ఇంకొకరిది అంటే తెలుగువాళ్లకి వింతేముంది అంటారా? నిజమే, మన హీరోయిన్ల మాటలు సగం అలాంటివే. ‘ఏ మాయ చేసావే’లో సమంతని తలుచుకుంటే వినిపించేది చిన్మయి గొంతు. అయితే చిన్మయి స్టూడియోకి వెళ్లి, మైక్ ముందు నిలబడి, ఆ వాక్యాలు పలకడానికి ఒప్పుకుని పలికింది. కాదనే వీలు ఆమెకి ఉంది. హాలోవేకి ఆ ఘట్టమే లేదు.

కొన్ని నెలల క్రితం ఒక రాత్రి నేనొక పని చేశాను. నాయనమ్మ పోయి మూడేళ్లయింది. ఫోన్లో ఆమె వాట్సాప్ మెసేజ్ ఒకటి మిగిలింది, పదకొండు సెకన్లు. “ఎప్పుడొస్తవ్ బిడ్డా, పండక్కన్నా వస్తవా” అని, తర్వాత ఎవరినో కోడిని తోలమని. దాన్ని ఆడాసిటీలో తెరిచి పిచ్ మారుస్తూ పోయాను. రెండు సెమీటోన్లు పైకి జరిపినా ఆమే. నాలుగు దగ్గర ఆమె చెల్లెలు. ఏడు దగ్గర ఎవరో పిల్ల, మా ఊరి పిల్లే, కానీ నాకు తెలియదు. కిందికి దించితే ఎవరో ముసలాయన. చెప్పాల్సిన విషయమేంటంటే, ఏడు దగ్గర నాకు సంకోచం పోయింది. నాయనమ్మ గొంతుకి డ్రమ్స్ కలపడం నావల్ల కాదు. ఆ తెలియని పిల్ల గొంతుకి కలపగలను, బాగుంటుంది కూడా. కానీ ‘బిడ్డా’ తర్వాత తీసుకున్న ఊపిరి మాత్రం ఏ స్థాయిలో విన్నా ఆమెదే. గుర్తుపట్టకుండా మార్చేశాం కాబట్టి బాకీ లేదు అనే వాదన నాకు ఆ ఊపిరి దగ్గర నిలబడదు. మారిస్తే మనకి ధైర్యం వస్తుంది, అంతే. ఆమె ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. ఆ ఫైల్ సేవ్ చేయలేదు.

ఇప్పుడు దీనికి తిరగేసిన పని వచ్చింది. బరియల్ నిజంగా పాడిన గొంతుని గుర్తుపట్టనట్టు చేశాడు. ఏఐ వాయిస్ మోడల్ ఎన్నడూ పాడనిదాన్ని గుర్తుపట్టేట్టు చేస్తుంది. ‘కీడా కోలా’ సినిమాలో బాలు గొంతుని ఏఐతో సృష్టించి వాడారని, కుటుంబాన్ని అడగలేదని 2024లో ఎస్పీ చరణ్ లీగల్ నోటీసు పంపారు. అదే ఏడాది రెహమాన్ ‘లాల్ సలామ్’ తమిళ పాటలో చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు, బంబా బాక్యా, షాహుల్ హమీద్‌లవి, ఇలాగే వాడి, వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని ప్రకటించారు. రెండోది పద్ధతిగా ఉంది, కాదనను. అయినా నాకు పూర్తిగా మింగుడుపడలేదు. పాట నచ్చకపోతే బాలు రికార్డింగ్‌లో ఏదో ఒక మాట అనుండేవారు, పల్లవిలో ఒక సంగతి మార్చుండేవారు, నవ్వుండేవారు. వారసులు సంతకం పెట్టగలరు గానీ ఆ సంగతి మార్చలేరు. శాంపిల్లో ఉన్న మనిషి కనీసం ఆ రోజు అక్కడ ఉన్నాడు, ఊపిరి తీసుకున్నాడు. మోడల్‌లో ఊపిరి కూడా లెక్కే.

మళ్లీ ఆ లండన్ గదికి వస్తాను. పేరు, ఫోటో లేకుండా దాగున్న బరియల్‌ని 2008లో మెర్క్యురీ ప్రైజ్‌కి నామినేట్ చేశాక పత్రికలు వెతకడం మొదలుపెట్టాయి. ఎవరో పెద్ద పాప్ స్టార్ మారుపేరుతో చేస్తున్నాడని కూడా పుకారు. ఆ ఆగస్టులో అతనే మైస్పేస్‌లో ఒక ఫోటో పెట్టి, నా పేరు విల్ బెవన్, నాకు పాటలు చేసుకోవడం తప్ప ఇంకేం వద్దు అన్న అర్థంలో నాలుగు ముక్కలు రాశాడు. తన ముఖం ఎప్పుడు బయటపెట్టాలో నిర్ణయించుకునే వీలు అతనికి, ఒత్తిడిలోనే అయినా, దొరికింది. అతని పాటల్లో గొంతులకి అది లేదని ఎవరైనా అంటే నా దగ్గర జవాబు లేదు. ఆ చిటపటలూ వానా ఈ గొంతు ఇక్కడిది కాదు, ఎక్కడినుంచో తెచ్చింది అని దాచకుండా చెబుతూ ఉంటాయి, అతని పక్షాన అంత మాత్రం అనగలను. బ్లాక్ బాక్స్ అది కూడా చేయలేదు.

2013 డిసెంబర్‌లో ‘రైవల్ డీలర్’ అని మూడు పాటలు విడుదల చేశాడు. వేధింపులు ఎదుర్కొంటున్నవాళ్లకి తోడుగా ఉండాలని చేశానని బీబీసీ రేడియో వ్యాఖ్యాత ఒకరికి సందేశం పంపాడు. మూడోది ‘కమ్ డౌన్ టు అస్’, పదమూడు నిమిషాలు. అందులోనూ ఎవరెవరివో గొంతులు మారిపోయి, కరిగిపోయి వస్తుంటాయి. ఆఖర్లో సంగీతం తగ్గి ఒక స్త్రీ మాట్లాడుతుంది. ‘మేట్రిక్స్’ తీసిన లానా వచౌస్కీ. ఆమె ట్రాన్స్ మహిళ. 2012లో ఒక అవార్డు అందుకుంటూ తన జీవితం గురించి ఇచ్చిన ప్రసంగంలోని మాటలవి. గొంతు ఆడా మగా తెలియనట్టు మార్చడంలో ఇన్నేళ్లు పేరు తెచ్చుకున్నవాడు ఈ గొంతు దగ్గరికి వచ్చేసరికి దాని స్థాయి ముట్టుకోలేదు. ఆమె మాట్లాడినట్టే ఉంచాడు.