గూడబాతులతో బేరం

శరత్తు అనగానే మన కవులకు పండువెన్నెల, తేటపడ్డ నీళ్లు, రెల్లుపూలు గుర్తొస్తాయి. ఆశ్వయుజ కార్తీకాల్లో నెల్లూరు దిగువన చెరువుకట్టల మీద నడిస్తే తెలుస్తుంది అసలు సంగతి. ఇక్కడ శరత్తంటే ఈశాన్య రుతుపవనం. అంటే మబ్బు, గొడుగు, మోకాలిదాకా బురద. ఆ వాననీళ్ల కోసమే గూడబాతులు కూడా వస్తాయి.

దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు చెరువు 1976లో పక్షుల రక్షిత కేంద్రమైంది. నీళ్లలో మొదలు మునిగి నిలబడ్డ కడప చెట్ల మీద ఈ రోజుల్లో జాగా కోసం జరిగే తగాదాలు చూడాలి! తెల్లకంకణాలు ఒక కొమ్మ, నత్తగుల్ల కొంగలు ఒక కొమ్మ పంచుకుంటాయి. నీటికాకులు రెక్కలు విప్పి, బట్టలారేసినట్టు ఆరబెట్టుకుంటాయి. పైకొమ్మలు మాత్రం గూడబాతులవే. అంత బరువైన పక్షి అంత సన్నని కొమ్మమీద ఎలా దిగుతుందో ఎన్నిసార్లు చూసినా నాకు అర్థం కాదు.

కట్టమీద కనబడినవాళ్లంతా ఇవి సైబీరియా నుంచి వచ్చాయంటారు. సూదితోక బాతుల విషయంలో ఆ మాట చెల్లుతుంది. అవి ఉత్తరాది చలిదేశాలవే. గూడబాతు మాత్రం మన దక్షిణాది పక్షే. ఇక్కడే గుడ్డులోంచి బయటపడుతుంది, చెరువెండితే వేరే నీళ్లు వెతుక్కుంటుంది. విదేశం నుంచి వచ్చిందంటే తప్ప చుట్టానికి పీట వెయ్యని బుద్ధి మనది, ఏం చేస్తాం.

సుమారు నెల పొదిగాక పిల్లలవుతాయి. తల్లీ తండ్రీ వంతులవారీగా పులికాట్ దాకా పోయి చేపలు తెస్తాయి. పిల్ల ఆ గొంతుసంచిలోకి తల దూర్చి తింటుంది. ఈ కాపురాల తాలూకు రెట్టంతా చెరువులో పడుతుంది. ఆ నీళ్లు పొలాలకు పారితే పైరుకు బలం. అందుకే చుట్టుపక్కల రైతులు ఈ పక్షుల జోలికి పోరు, ఇతరులను పోనివ్వరు.

నాతో నడవడానికి వచ్చిన మిత్రుడొకాయన ఇది విని, "అయితే ఇది దయ కాదండీ, వ్యాపారం" అని తేల్చేశాడు. ఫలాపేక్ష లేనిదే ధర్మం అని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగినవాళ్లం కదా. ఆ కొలత పెడితే రెట్ట కోసం చేసిన దయ తూకానికి నిలవదు.

కానీ నాకు ఆ తీర్పు మింగుడుపడలేదు. బేరమన్నాక ఇద్దరికీ తెలిసి ఉండాలి. గూడబాతుకు ఈ ఒప్పందం సంగతే తెలియదు. రేపు ఎవరైనా కొమ్మ నరికితే అది ఏ కచేరీకి పోతుంది? పైగా అయిదు కిలోల పక్షి, నెలల తరబడి ఒకేచోట కూర్చుంటుంది. కరువేడు ఆకలిగా ఉన్నవాడికి అది చేతికందే కూర. వచ్చే పంటకు అందే బలం కోసం ఈ పూట కూర వదులుకోవడానికి ఒట్టి లెక్క చాలదు. చేపలవాసన గాలి ఎటు వీస్తే అటు కొడుతుంటే భరించడానికీ చాలదు.

కట్ట దిగువన మడికి నీళ్లు పెడుతున్న పెద్దాయన్ని అడిగేశాను, "ఎరువు కోసమేనా వీటి మీద ప్రేమ?" అని. ఆయన పార ఆపలేదు.

"మా గేదెను పాలకోసరమే పెట్టుకున్నా. అట్లని దానికి జరమొస్తే నాకు నిద్రపడతాదా సామీ?"

మిత్రుడు ఊరుకోలేదు. ఇప్పుడు యూరియా బస్తా కొట్లో దొరుకుతోంది కదా, ఇక రెట్టతో పనేమిటి, ఆ అవసరం తీరిపోయాక ఈ ప్రేమ ఎన్నాళ్లుంటుంది అన్నాడు. ప్రశ్న మంచిదే. గేదె వట్టిపోయాక దాన్ని సంతకు తోలేవాళ్లను ఆయనా చూశాడు, నేనూ చూశాను. రక్షిత కేంద్రమన్న చట్టం ఉంది గానీ, అర్ధరాత్రి కట్టమీద చట్టం కాపలా ఉండదు. ఆ జవాబు కోసమే మిత్రుడు కాస్త గొంతు పెంచి మళ్లీ అడిగాడు.

పెద్దాయన ఈసారి పార ఆపి చెట్లవైపు చూశాడు. "మెల్లగా మాట్లాడండయ్యా. గుడ్లమీదున్నాయి."