దయ్యం తలకాయ

దుబాయి నుంచి వచ్చిన మామూ మా చిన్నోడికి ఒక బొమ్మ తెచ్చాడు. జానెడు పొడుగు. ఆకుపచ్చ అంగీ, భుజాల నుంచి మడమల దాకా జారే పెద్ద జుబ్బా, కణతల దగ్గర నెరిసిన జుట్టు, సన్నగా దిద్దిన గడ్డం, చేతిలో కత్తి. అట్టడబ్బా మీద ఇంగ్లీషు అక్షరాల్లో పేరు: రాస్ అల్ ఘూల్. కామిక్ పుస్తకాల్లో బ్యాట్‌మన్‌కు శత్రువు. ఇది ఆడుకునే బొమ్మ కాదట, దాచుకునే బొమ్మట. డబ్బా విప్పితే ధర పడిపోతుందని మామూ రెండుసార్లు హెచ్చరించాడు. పదేళ్ల పిల్లాడి చేతిలో బొమ్మ పెట్టి డబ్బా విప్పొద్దనడం ఏం న్యాయమో ఆయనకే తెలియాలి. మగ్రిబ్ నమాజు అయ్యేలోపు డబ్బా చిరిగింది.

పేరు చదివి మొదట మేం నవ్వుకున్నాం. మాకు అరబీ రాదు. చదవడం వచ్చు, అర్థం రాదు, మా ఇళ్లల్లో చాలామందిలాగే. అయినా ఈ పేరు తెలియడానికి పెద్ద చదువు అక్కర్లేదు. రాస్ అంటే తల. ఘూల్ అంటే దయ్యం. నానీ చెప్పిన కిస్సాల్లో ఒంటరి బాటసారిని దారి తప్పించి మింగేది అదే. దయ్యం తలకాయ!

బొమ్మ పనితనం గురించి చెప్పాలంటే, చేసినవాడి చేతికి సలాం పెట్టాలి. మోకాలు వంగుతుంది, మోచెయ్యి వంగుతుంది, మెడ తిరుగుతుంది, మణికట్టు కూడా తిరుగుతుంది. ముఖం మాత్రం కదలదు. కనుబొమలు ఎప్పటికీ ముడిపడే ఉంటాయి. ఇన్ని కీళ్లు ఇచ్చినవాడు నవ్వే కీలు ఒక్కటి ఇవ్వలేదు. ఇక కుడి పిడికిలిని కత్తి పట్టడానికే పోతపోశారు. మేం కత్తి లాగేసి అమ్మీ తస్బీ పెట్టి చూశాం, జారిపోయింది. మా పెన్ను పెట్టి చూశాం, పట్టలేదు.

మండీబజార్ దగ్గర మా గల్లీలో అన్ని ఇళ్ల పిల్లలూ కలిసే ఆడుకుంటారు. ఆ వారమంతా బ్యాట్‌మన్ ఆట. రోజుకొకడు బ్యాట్‌మన్. మావాడు మాత్రం రోజూ రాస్ అల్ ఘూలే. బొమ్మ వాడిది కనుక అనుకున్నాం. మూడోనాడు ఉండబట్టలేక అడిగాం. ఒక పిల్లాడు ఏ మచ్చా లేని మనసుతో చెప్పాడు: "వాని పేరు అట్లనే ఉంది గద అంకుల్!" మావాడు కూడా ఏం బాధపడలేదు. ఆట చివర రాస్ చావాలి కదా, చావడం వాడికి బాగా అలవాటైపోయింది. గోడకు ఒరిగి, చెయ్యి గాల్లోకి లేపి, మెల్లగా జారి పడతాడు. పిల్లలంతా చప్పట్లు కొడతారు.

ఆ రాత్రి బొమ్మను తీసి బీరువా మీద పెట్టాం. వాడు ఏడవలేదు. ఒక్క మాటే అన్నాడు: "అబ్బూ, ఆ బొమ్మలన్నిట్ల మన పేరున్నోడు గీయనొక్కడే."

ఈ మాటకు జవాబు వెతుక్కుంటూ రాస్తున్నదే ఇది.

రాస్ అల్ ఘూల్ పుట్టింది 1971 జూన్ నాటి బ్యాట్‌మన్ 232వ సంచికలో. కథ డెనిస్ ఓనీల్‌ది, బొమ్మలు నీల్ ఆడమ్స్‌వి. పేరు పెట్టింది సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్. వాళ్లకు మా మీద పగ ఉందని మేం అనం. భయం పుట్టించే పేరు కావాలి, దూరంగా వినపడే పేరు కావాలి. వాళ్లకు దూరంగా వినపడింది మాకు అజాన్ అంత దగ్గర. అదొక్కటే తేడా.

ఆ పేరుకు ముందొక బతుకు ఉంది. రాస్ అల్ ఘూల్ ఒక నక్షత్రం. ఇంగ్లీషువాళ్లు ఆల్గాల్ అని పిలిచేది దాన్నే. గ్రీకుల ఆకాశంలో అది మెడూసా అనే రాక్షసి తలకాయ. అరబ్బు ఖగోళవేత్తలు ఆ తలను తమ భాషలో ఘూల్ తల అన్నారు. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఒకసారి దాని వెలుగు తగ్గి మళ్లీ పెరుగుతుంది. పాత కాలంవాళ్లు దయ్యం కన్ను కొడుతున్నదనుకుని ఉంటే వాళ్ల తప్పేం లేదు. అక్కడున్నవి జంట నక్షత్రాలు. మసక నక్షత్రం వెలుగు నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు మనకు చీకటి కనపడుతుంది. ఈ సంగతంతా మామూకు చెబితే, "డబ్బా మీద ఇవేం రాయలేదే" అన్నాడు. ఎందుకు రాస్తారు!

రాస్ ఒక్కడే అయితే ఊరుకునేవాళ్లం. 1992లో అల్లాదీన్ కార్టూన్ సినిమా వచ్చింది. దుష్టుడి పేరు జాఫర్. మా వీధిలో ముగ్గురు జాఫర్లున్నారు, ఒకాయన గడియారాలు బాగుచేస్తాడు. ఆ సినిమాలో అల్లాదీన్, జాస్మిన్ అమెరికా పిల్లల్లా మాట్లాడతారు, కాపలావాళ్లు యాసతో మాట్లాడతారు. మొదటి పాటలో కొన్ని మాటల మీద అమెరికాలోని అరబ్బులు అభ్యంతరం చెబితే 1993లో వీడియో కోసం వాటిని మార్చారు. అంతకుముందు 1988-89లో బ్యాట్‌మన్ కథల్లోనే జోకర్ ఐక్యరాజ్య సమితికి ఇరాన్ రాయబారిగా వస్తాడు, అరబ్బు తలగుడ్డ చుట్టుకుని! ఇరానీలు అరబ్బులు కారన్న సంగతి గీసినవాడికి అక్కర్లేదు, కొన్నవాడికి అంతకన్నా అక్కర్లేదు. 2005లో 'బ్యాట్‌మన్ బిగిన్స్' సినిమాలో రాస్‌గా వేసింది లియామ్ నీసన్ అనే ఐర్లండ్ నటుడు. మొహం మారింది, పేరు మారలేదు. భయపెట్టడానికి పేరొక్కటే చాలునన్నమాట.

చిత్రం ఏమిటంటే, కథ లోపలికి వెళ్తే రాస్ ఉట్టి దుర్మార్గుడు కాడు. 1992లో అదే ఓనీల్ రాసిన పుస్తకంలో వాడొక ఎడారి రాజ్యంలో హకీం. చావుబతుకుల్లో ఉన్న రాజు కొడుకును బతికిస్తాడు. మతి చెడిన ఆ కొడుకు హకీం భార్యను చంపేస్తాడు. నేరం హకీం మీద పడుతుంది. శవంతో పాటు బోనులో పెడతారు. అక్కడ నుంచి బయటపడ్డవాడే దయ్యం తలకాయ అవుతాడు. ఈ పేజీలు చదువుతుంటే మాకు గోథం నగరం గుర్తు రాలేదు, హైదరాబాదు గుర్తొచ్చింది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక ముస్లిం పిల్లల్నే పట్టుకుపోయారు. తర్వాత కోర్టులు నిర్దోషులన్నాయి, సర్కారు కొందరికి పరిహారం కూడా ఇచ్చింది. ఆ పిల్లలు దయ్యాలు కాలేదు. ఆటోలు నడుపుకున్నారు, చదువుకున్నారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. దాని మీద బొమ్మ ఎవరు చేస్తారు?

మన దగ్గరా ఒక తయారీ బొమ్మ ఉంది, డబ్బా లేదు అంతే. రజాకారు. టోపీ, కత్తి, సుర్మా కళ్లు. నాటకాల్లో, సినిమాల్లో చూస్తూనే ఉన్నాం. 2024లో ఆ పేరుతోనే ఒక సినిమా వచ్చింది. రజాకార్ల దుర్మార్గం అబద్ధమని మేం అనం. 1947లో పరకాల, 1948లో బైరాన్‌పల్లి, రెండూ మన పాత వరంగల్ జిల్లా ఊళ్లే. అక్కడి నెత్తురుకు సాక్ష్యం అక్కర్లేదు. కానీ 1948 ఆగస్టులో రజాకార్లు నరికి చంపిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఎవరు? విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు చంపిన కామారెడ్డిగూడెం బందగీ ఎవరు? 'మా భూమి' నాటకం పుట్టింది ఆయన కథలోంచే కదా. చేసిన పనిని బట్టి దుష్టుణ్ణి గుర్తుపడితే వీళ్లందరికీ చోటుంటుంది. టోపీని బట్టి గుర్తుపడితే షోయబుల్లా ఖాన్‌ను రెండోసారి చంపినట్టే.

ఇక్కడిదాకా రాసి కాగితాలు మడిచి పెడదామనుకున్నాం. కానీ నానీ కిస్సాలు మళ్లీ గుర్తొచ్చాయి. అమీర్ హంజా దాస్తాన్ వింటూ పెరిగినవాళ్లం మేం. హంజా ఎవరితో పోరాడతాడు? మంత్రగాళ్లతో, అగ్నిని పూజించేవాళ్లతో, విగ్రహాల్ని మొక్కేవాళ్లతో. ఓడినవాడు కలిమా చదివితే దోస్తు, లేకపోతే తల పోతుంది. మాకెప్పుడూ అది తప్పనిపించలేదు. ఉమర్ అయ్యార్ జంబీల్ సంచిలోంచి ఏం తీస్తాడా అని నోరు తెరుచుకుని విన్నాం. పక్కింట్లో తులసికోట ముందు దీపం పెట్టే అత్తమ్మ చేతి సకినాలు నములుతూనే విన్నాం. ఆ దాస్తాన్ 46 సంపుటాలు అచ్చువేసింది లక్నోలో మున్షీ నవల్ కిషోర్ స్థాపించిన ప్రెస్సు. అచ్చు పని చేసిన కార్మికుల్లో హిందువులు ఉండే ఉంటారు, తమలాంటివాళ్ల తలలు ఎగిరిపోయే పేజీలు వాళ్లే అచ్చు తీసి ఉంటారు. వాళ్ల పిల్లలు ఏ ఆటలో ఎన్నిసార్లు చచ్చారో మేం ఎన్నడైనా అడిగామా? ఓనీల్‌ను నిలదీసే హక్కు మాకు ఉంది. నానీని నిలదీయకుండా ఉండే హక్కు లేదు.

అయితే మా నానీ దగ్గరే ఇంకో దుష్టుడున్నాడు. యజీద్. మొహర్రం పది రోజులూ తెలంగాణ పల్లెల్లో పీర్లు లేస్తాయి. ఎత్తుకునేవాళ్లలో సగం మంది సాయిబులు కారు. పీర్లకు మొహం ఉండదు, పంజా ఉంటుంది. యజీద్‌కు ఆ పంజా కూడా లేదు, ఉట్టి పేరు. 680లో కర్బలాలో హుస్సేన్‌ను చంపించిన ఆ యజీద్ పరాయివాడు కాడు. అదే కలిమా, అదే ఖిబ్లా, పైగా ఖలీఫా. పద్నాలుగు వందల ఏళ్లుగా ఏడుస్తున్నది మావాడు చేసిన పనికి.

మన ఊళ్లో ఉర్సు రంగలీల మైదానం ఉంది. మాషూఖ్ రబ్బానీ దర్గా ఉర్సు పేరే ఆ వాడకు పేరైంది. అక్కడే దసరాకు రావణుణ్ణి, దీపావళి ముందురోజు రాత్రి నరకాసురుణ్ణి కాలుస్తారు. నరకుడెవరు? భూదేవి కన్న కొడుకు. సత్యభామగా వచ్చి చంపించింది కూడా ఆ తల్లే అంటారు. ఇంట్లోని దుష్టుణ్ణి ఇంట్లోవాడిగానే ఒప్పుకున్న కథ ఇది. దాన్ని కాల్చేటప్పుడు పక్కవీధి వాడి వైపు ఎవరూ చూడనక్కర్లేదు.

మొన్న దీపావళి ముందురోజు రాత్రి బీరువా మీంచి బొమ్మ దింపి వాడికిచ్చేశాం. కత్తి మాత్రం మా జేబులో ఉంచుకున్నాం. ఇద్దరం డాబా మీదికెక్కాం. అమావాస్య ముందటి చీకటి. ఈశాన్యం వైపు రాస్ అల్ ఘూల్‌ను చూపిద్దామని మా ఆశ. కరీమాబాద్ దిక్కు నుంచి నరకుడి పటాకుల మోత, పొగ. నక్షత్రం ఉన్నచోట పొగ తప్ప ఏం లేదు.

"ఏది అబ్బూ?" అన్నాడు.

"పొగ పోనీ."

వాడు ఆగలేదు. పక్క డాబా మీది పిల్లలు ఇచ్చిన కాకరపువ్వొత్తి ఒకటి బొమ్మ పిడికిట్లో గుచ్చాడు. సరిగ్గా పట్టింది. పిల్లలు పిట్టగోడ దూకి వచ్చి అంటించారు. రాస్ అల్ ఘూల్ కనుబొమలు ముడేసుకునే ఉన్నాడు, చేతిలోంచి మాత్రం తెల్లటి పూలు రాలుతున్నాయి. ఆర్పేలోపు పిడికిలి కొంచెం కరిగింది. కత్తి ఇప్పుడు అందులో పట్టదు. మామూ వచ్చే ఏడు వచ్చి అడిగితే ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.