మలుపు బస్సుది, గురి నాది

కుప్పంలో పెళ్ళి చూసుకుని మదనపల్లెకు తిరిగొస్తున్నాం, నేనూ మా అక్క కొడుకూ. అక్క పెళ్ళివాళ్ళ ఇంట్లో ఇంకో రోజు ఉండిపోయింది. వాడికి పదకొండేళ్ళు. కలికిరి సైనిక్ స్కూల్లో ఆరో తరగతి సీటు కోసం ప్రవేశపరీక్షకు చదువుతున్నాడు. పెద్దయ్యాక ఏమవుతావురా అని ఎవరడిగినా ఒకటే జవాబు: ఫైటర్ పైలట్. అందుకు తొలిమెట్టు అన్నట్టుగా నా ఫోన్లో యుద్ధవిమానాల ఆట ఒకటి ఎక్కించుకున్నాడు.

ఆ ఆటలో తెర మీద స్టీరింగ్ ఏమీ ఉండదు. ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని ఎడమకు వంచితే విమానం ఎడమకు ఒరుగుతుంది, మనవైపు వంచితే పైకి లేస్తుంది. శత్రువు విమానం చుట్టూ ఎర్రటి చదరం కనబడుతుంది. అది మెరిసి కుయ్యిమన్న క్షణాన బొటనవేలితో నొక్కాలి. క్షిపణి పోతుంది, నారింజరంగు మంట లేస్తుంది, పక్కన అంకె పెరుగుతుంది. అంతే ఆట.

వి.కోట దాటి అడవి దారిలో పడ్డాక వాడు విసుక్కున్నాడు. "మామా, నేను తిప్పలేదు. అదే తిరగతా ఉంది." చూస్తే నిజమే. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా తెర మీద విమానం కూడా ఒరుగుతోంది. కాసేపటికి వాడికి కడుపులో తిప్పింది. కిటికీ పక్కకు జరిపి, చేతికి నిమ్మకాయ ఇచ్చి, ఫోన్ నేను తీసుకున్నాను. ఆట మధ్యలో ఆపడం నాకూ ఇష్టంలేదు, నిజం చెప్పాలంటే.

పలమనేరు ఇంకా రాలేదు. పెద్ద మలుపొకటి వచ్చింది. నేను చెయ్యి కదిలించనేలేదు. బస్సు తిరిగింది, విమానం ఒరిగింది, ఎర్ర చదరం దానంతటదే వచ్చి గురిలో నిలిచింది. నొక్కాను. మంట లేచింది. పక్కనుంచి వాడు, నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకునే, అడిగాడు: "మామా, ఆ విమానంలో ఉండేవాడు దిగినాడా?"

"అందులో ఎవరూ ఉండరు లేరా. అంతా ప్రోగ్రామే."

"మరి మన విమానంలో?"

"మనదాంట్లో నువ్వున్నావు కదా."

వాడు ఇంకేం అనలేదు. నేను మాత్రం పుంగనూరు వచ్చేదాకా ఆ రెండు జవాబుల మధ్యే ఇరుక్కుపోయాను.

ముందు ఆ మలుపు సంగతి. ఫోన్ లోపల సిలికాన్‌తో చేసిన అతి చిన్న బరువు ఒకటి, సన్నటి స్ప్రింగుల్లాంటి వాటి మీద వేలాడుతూ ఉంటుంది. ఫోన్ వంచితే భూమి ఆకర్షణ దాన్ని పక్కకు లాగుతుంది. ఎంత జరిగిందో కొలిచి, ఎంత వంచామో ఫోన్ లెక్కగడుతుంది. చిక్కేమిటంటే బస్సు మలుపు తిరిగినా ఆ బరువు పక్కకు జరుగుతుంది. జరిపింది భూమా, బస్సా అన్నది ఆ పరికరం ఒంటరిగా తేల్చుకోలేదు. గురుత్వాకర్షణకూ త్వరణానికీ లోపలినుంచి తేడా తెలియదన్నదే ఐన్‌స్టైన్‌ని సాధారణ సాపేక్షతా సిద్ధాంతం వైపు నడిపించిన ఆలోచన. వి.కోట బస్సులో అది మా వాడికి విసుగు రూపంలో తెలిసింది.

మన చెవి లోపలా ఇలాంటి ఏర్పాటే ఉంది, దానికీ ఇదే లోపం. కన్ను ఒకటి చెబుతూ చెవి ఇంకొకటి చెబితే మా వాడిలా కడుపులో తిప్పుతుంది. మబ్బుల్లో ఎగిరే పైలట్‌కైతే అది ప్రాణాల మీదికి వస్తుంది. బయట ఏమీ కనబడనప్పుడు, విమానం మెల్లగా ఒరిగిపోతున్నా ఒళ్ళు మాత్రం నిటారుగానే ఉన్నాననుకుంటుంది. అందుకే పైలట్లకు ఇచ్చే శిక్షణలో ముఖ్యమైన పాఠం ఒకటుంది: నీ ఒంటిని నమ్మకు, ఎదురుగా ఉన్న పరికరాన్ని చూడు. క్షితిజం ఎక్కడుందో అది చెబుతుంది.

ఇక నా రెండో జవాబు. ఆటలో చంపడం తప్పా అంటే, కాదనే అంటాను. చదరంగంలో బంట్లు పోతాయి. పులిజూదంలో మేకలు చస్తాయి. మా చిన్నప్పుడు దీపావళికి బిళ్ళల తుపాకీతో వీధిలో సగం మందిని కాల్చాం, వాళ్ళంతా సాయంత్రానికి అన్నాలకు లేచారు. ఎవరికీ ఏమీ కానప్పుడు తప్పెక్కడిది? 2009లో మోర్గన్ లక్ అనే తత్వవేత్త ఈ వాదాన్నే ఇరకాటంలో పెట్టాడు. ఎవరికీ హాని జరగలేదు కాబట్టి ఆటలో హత్య ఫరవాలేదంటారు. మరి పిల్లల మీద అఘాయిత్యం చేసే ఆటను అదే కారణంతో ఎందుకు ఒప్పుకోరు? అందులోనూ ఎవరికీ హాని జరగదు కదా? దీనికి తృప్తికరమైన జవాబు చెప్పడం కష్టం. హాని జరిగిందా లేదా అన్న ఒక్క కొలతతో ఈ విషయం తేలదని మాత్రం అర్థమవుతుంది.

దేన్ని అనుకరిస్తామో అది మనలోకి ఇంకుతుందని ప్లేటో భయపడ్డాడు. జాలినీ భయాన్నీ రేపి నాటకం మనసును కడుగుతుందని అరిస్టాటిల్ అన్నాడు. ఈ ఇద్దరిలో ఎవరి మాట నిజమవుతుందన్నది, ఆటలో దేన్ని ఉంచి దేన్ని వదిలేశారన్న దాన్ని బట్టి ఉంటుందని నాకనిపిస్తుంది.

నా ఫోన్లోని ఆటనే చూద్దాం. 1987లో సేగా కంపెనీ 'ఆఫ్టర్ బర్నర్' అనే ఆటను తెచ్చింది. దాని పెద్ద యంత్రంలో కూర్చుంటే ఆటను బట్టి కుర్చీ ఒరిగేది. అక్కడ యంత్రం మనిషిని కదిలించింది, ఇప్పుడు మనిషే యంత్రాన్ని కదిలిస్తున్నాడు. రెండింటి కోరికా ఒకటే, ఒంటికి నిజమనిపించాలి. కానీ ఎగరడంలో నిజం చాలా కొంచెం. అసలు యుద్ధవిమానం గట్టిగా మలుపు తిరిగితే 9 జి దాకా ఒత్తిడి పడుతుంది; 70 కిలోల మనిషి 630 కిలోలైనట్టు ఉంటుంది. రక్తం తలనుంచి కిందికి దిగిపోతుంది, చూపు మసకబారుతుంది, కాళ్ళను బిగించి పట్టే ప్రత్యేకమైన దుస్తులు వేసుకున్నా స్పృహ తప్పే ప్రమాదముంటుంది. ఇదేదీ ఫోన్లో లేదు. ఉన్నదున్నట్టు ఉన్నది ఒక్కటే: మీట నొక్కడం. నిజం పైలట్ కూడా ఎక్కడో ఉన్న చుక్కను తెర మీద చూసి మీటే నొక్కుతాడు. అంటే ఆట ఎగరడాన్ని నటిస్తోంది కానీ, చంపడాన్ని నటించాల్సిన అవసరమే దానికి రాలేదు. ఆ పని నిజంలోనే అంత తేలికైపోయింది.

మా సీమకు ఆకాశం నుంచి పడే నిప్పు కొత్తేం కాదు. మైసూరు సైన్యాలు నడిచిన దారులివి. హైదర్ అలీ 1782లో చిత్తూరు దగ్గర దండులోనే చనిపోయాడు. ఇనప గొట్టంలో మందు కూరి, వెదురుబొంగుకు కట్టి వదిలే వాళ్ళ రాకెట్లు 1780లో పొల్లిలూరులో ఇంగ్లీషువాళ్ళను చెల్లాచెదురు చేశాయి. ఆ గెలుపును శ్రీరంగపట్నంలోని దరియా దౌలత్ గోడ మీద బొమ్మగా వేశారు. గెలిచినవాళ్ళు గొప్పకోసం వేయించుకున్న బొమ్మే అది. అయినా అందులో తెగిన తలలున్నాయి, పడిపోయిన మనుషులున్నారు, వాళ్ళకు ముఖాలున్నాయి. గొప్పలు చెప్పుకునే గోడే చచ్చినవాడికి చోటిచ్చింది. నా ఫోన్లో నారింజరంగు మంట తప్ప ఏమీ లేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ మా ఊళ్ళ భారతం. చిత్తూరు జిల్లాలో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజులు జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చివర్లో దుర్యోధన వధ. మట్టితో ఇల్లంత దుర్యోధనుణ్ణి పడుకోబెట్టి చేస్తారు. వేషగాళ్ళు ఆ బొమ్మ చుట్టూ గదలతో పరుగులు తీస్తారు, చివరికి భీముడు తొడ మీద కొడతాడు, జనం కేకలు పెడతారు. చిన్నప్పుడు నేనూ కేకలు పెట్టాను. హత్యను ఆటగా ఆడటమే అది, సందేహం లేదు. కానీ నేను చూసిన ఆట అక్కడితో ఆగలేదు. ఆడవేషం కట్టిన ఒకాయన వచ్చి ఆ మట్టి బొమ్మ పక్కన కూలబడి గుండెలు బాదుకుంటూ ఏడ్చాడు. ఇందాక కేకలు వేసిన ఆడవాళ్ళే కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. సాయంత్రం నిప్పులగుండం తొక్కాకగానీ భారతం ముగిసినట్టు కాదు. వ్యాసుడూ యుద్ధం గెలవగానే కథ ఆపలేదు. పదకొండోది స్త్రీపర్వం, శవాల మధ్య ఆడవాళ్ళు తిరిగే పర్వం.

ఈ ఆటలో స్త్రీపర్వం లేదు. 'మళ్ళీ ఆడు' అన్న మీట ఉంది.

ఇది ఒక్క వినోదం కంపెనీల సంగతే కాదు. మన వైమానిక దళమే 2019 జులై 31న 'ఇండియన్ ఎయిర్ ఫోర్స్: ఎ కట్ ఎబవ్' పేరుతో ఫోన్ ఆటను విడుదల చేసింది. కుర్రవాళ్ళకు దళం మీద ఆసక్తి కలగాలన్న ఉద్దేశంలో తప్పు వెదకను. అందులో అభినందన్‌ను తలపించే మీసాల పైలట్ ఉన్నాడని అందరం ముచ్చటపడ్డాం. అయితే అభినందన్ విమానం కూలిన ఆ ఫిబ్రవరి 27నే బుద్గాంలో ఇంకొకటి కూలింది. మన ఎంఐ-17 వి5 హెలికాప్టర్‌ను శత్రువుదనుకుని మన క్షిపణే కొట్టేసింది. దళం మనుషులు ఆరుగురు, కింద ఉన్న పౌరుడు ఒకరు చనిపోయారు. అది పెద్ద పొరపాటని ఆ అక్టోబరులో వైమానిక దళాధిపతి భదౌరియా ఒప్పుకున్నారు. నిజం ఆకాశంలో ఎర్ర చదరాలు ఎవరూ గీసిపెట్టరు. లోపల ఎవరున్నారన్నది ఎవరైనా తెలుసుకోవాలి, తెలుసుకోకపోతే అడగాలి.

అదే రకం హెలికాప్టర్ 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర కూలింది. జనరల్ బిపిన్ రావత్‌తో సహా పదమూడు మంది ఆ రోజే చనిపోయారు, పద్నాలుగో మనిషి గ్రూప్ కెప్టెన్ వరుణ్ సింగ్ వారం తర్వాత పోయారు. అందులో మావాడూ ఒకడున్నాడు. కురబలకోట మండలం ఎగువరేగడకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ. మదనపల్లెకు పక్కనే ఆ ఊరు. ఆ వారమంతా మా అందరి ఫోన్లలో అతని ఫొటోనే. తర్వాతి నెలలో విచారణ ఏం తేల్చిందంటే, లోయలో వాతావరణం హఠాత్తుగా మారి హెలికాప్టర్ మబ్బుల్లోకి వెళ్ళింది, పైలట్‌కు దిక్కు స్థితి తెలియకుండా పోయింది, అలాగే కొండకు తగిలింది. ఒళ్ళు చెప్పేదీ ఆకాశంలో జరిగేదీ వేరైపోయిన ఆ స్థితి గురించే ఇందాక చెప్పాను.

ఆట ఆడేటప్పుడు నేనూ నిటారుగానే ఉన్నాననుకుంటాను. మంచివాణ్ణి, ఎవరికీ హాని చెయ్యనివాణ్ణి, ఆటను ఆటగా తీసుకునేవాణ్ణి. నాకు లోపల తోస్తున్నది నిజమేనా, మెల్లగా ఒరిగిపోతున్నానా అన్నది లోపలినుంచి తెలియదు. ఈ ఆటలు ఆడినవాళ్ళు హంతకులవుతారని నేననను, నేనే ఏళ్ళుగా ఆడుతున్నాను. నా అనుమానం ఇంకోటి. ఈ ఆట చంపడం నేర్పదు, ఆకాశంలో మనిషి ఒక్కడే ఉన్నాడని నేర్పుతుంది. మన విమానంలో నువ్వున్నావు, అవతల ఎవరూ లేరు. ఇది నేను వాడికి నోటితో చెప్పిన మాటే. ఆటకు సంబంధించి అది నిజం. టీవీలో యుద్ధం వార్తలొచ్చినప్పుడు, తెర మీద ఒక కట్టడం తెల్లటి పొగైపోవడం చూసి స్కోరు చూసినట్టు చూస్తామే, అక్కడ అది అబద్ధం. ఆ రెండు తెరలూ ఒకేలా ఉంటాయి. తేడా చెప్పే పరికరం తెరలో లేదు.

మా వాడి ప్రశ్న అలాంటి పరికరమేమో. లోపలున్నవాడు దిగాడా? కూలుతున్న విమానం నుంచి పారాచూట్‌తో దూకినవాణ్ణి గాల్లో ఉండగా కాల్చకూడదని 1977 నాటి జెనీవా అదనపు ఒప్పందం 42వ అధికరణంలో రాసుకున్నారు. ప్రపంచయుద్ధాలు చూసినవాళ్ళు రాసుకున్న ఆ నియమం వెనక ఉన్నదీ ఈ ప్రశ్నే. వాణ్ణి ఎవరూ అడగమనలేదు. వాడికి అది సహజంగా తోచింది. నేనే 'ఎవరూ ఉండరు లేరా' అని దాన్ని ఆపేశాను.

పుంగనూరు బస్టాండులో బస్సు ఆగింది. టీ తెప్పించుకుని భారతం సంగతి వాడికి చెప్పాను. వాడు ఇంకా చూడలేదు. మట్టి దుర్యోధనుడి కథ శ్రద్ధగా విని అడిగాడు:

"వేషం కట్టినాయన లేస్తాడు కదా మామా?"

"లేస్తాడు. మొహం కడుక్కుని మనలాగే టీ తాగుతాడు."

"ఇంక ఆయమ్మ ఎందుకు ఏడ్చేది?"

లేవనివాళ్ళ కోసమని చెప్పాను. అర్థమైందో లేదో తెలియదు. ఆట మాత్రం వాడి కోసం ఫోన్లోనే ఉంచాను. పుంగనూరు దాటాక రోడ్డు బాగుందని మళ్ళీ తీసుకున్నాడు. ఒక విమానం కూలినప్పుడు, కాల్చడం ఆపి వెనక్కి తిప్పి చూశాడు, ఎవరైనా దిగుతున్నారేమోనని. ఎవరూ దిగలేదు. అలా గీసుండరు. ఈలోగా వెనకనుంచి ఇంకోటి వచ్చి వాడి విమానాన్ని కూల్చేసింది.

"చూడు మామా, నీ వల్లే" అన్నాడు.

కలికిరి ఫారంలో మా అక్క సంతకం పెట్టేసింది. వచ్చే ఎండాకాలం భారతానికి తీసుకుపోతానని వాడికి మాటిచ్చాను.