వీరుని వ్రతము - పరుల ప్రాణము

దుష్టుని ప్రాణములతో విడిచిపెట్టుట దయయా, దోషమా? అమెరికా చిత్రకథలలోని బాట్‌మాన్ చిన్ననాడే తల్లిదండ్రులను ఒక హంతకుని వలన కోల్పోయినవాడు. అయినను తాను ఎవ్వరిని చంపనను నియమము పూనినాడు. 1940లో అతని పేరిట వెలువడిన పత్రిక తొలి సంచికలోనే వైరియగు జోకరు చావవలసినది; సంపాదకుడు వారింపగా, బ్రదికినట్లు చివర ఒక బొమ్మ చేర్చిరి. పగవాడు చచ్చిన పత్రిక సాగునా? నాటినుండి జోకరు పట్టుబడుట, తప్పించుకొనుట, మరల హత్యలు చేయుట! శిక్ష విధించుట న్యాయస్థానము పని యందురు, ఒప్పుకొందము. కాని వీరుని వ్రతమునకు వెల చెల్లించువారు పరులు. 1988 నాటి కథలో జోకరు కాల్చిన తుపాకి గుండుకు పోలీసు అధికారి కుమార్తె నడక కోల్పోయినది. ఆమె చక్రముల కుర్చీ యెదుట నిలిచి, ఆ వీరుడు తన నియమమును గూర్చి ఏమని చెప్పగలడు?