దాచమని ఇచ్చిన ఆయుధము

ధ్యాన భాగములు: నిర్గమకాండము 21:28–29, 22:7–13, 1 సమూయేలు 21, 22 అధ్యాయములు



ఒకని సొమ్ము మన యొద్ద ఉన్నది. అతడు వచ్చి, "నాది నాకిమ్ము" అని అడుగుచున్నాడు. ఇయ్యవలెనా, వద్దా? ఇదియు ఒక ప్రశ్నయేనా అని మీరు అనవచ్చును. పరుల సొమ్ము పట్టుకొని కూర్చుండుట దొంగతనమే గదా! బడికి వెళ్లు పిల్లవాడును ఈ మాట చెప్పగలడు. అయితే ఆ సొమ్ము తుపాకి అయినప్పుడు, అడుగువాడు దానిని పట్టుకొనకూడదని చట్టము ఆజ్ఞాపించినప్పుడు, జవాబు అంత సులువు కాదు. ఈ నెల ఆ సంగతిని కొంచెము నిదానముగా ఆలోచింతము.

మన పల్లెలనుండి హైదరాబాదు వెళ్లినవారికి పంజాగుట్ట ఎరుకయే. జబ్బు ముదిరినవారిని నిమ్స్ ఆసుపత్రికి తీసికొనిపోయి, అక్కడ రాత్రులు గడిపినవారు మనలో ఉన్నారు. ప్రక్కనున్న అమీర్‌పేటయు ఎరుకయే. మన పిల్లలు కంప్యూటరు కోర్సుల కొరకు అక్కడి చిన్న గదులలో నలుగురైదుగురు కలిసి కాపురమున్నారు. మెట్రో రైలు దారులు రెండు ఇప్పుడు అమీర్‌పేటలో కలియుచున్నవి. అంత జనము త్రొక్కిసలాడు చోట ఒక సంగతి జరిగినట్లు ఊహించుకొందము. ఇది నిజముగా జరిగిన కథ కాదు, ఆలోచన కొరకు చెప్పుచున్న ఉపమానము.

పంజాగుట్టలో ఒక పెద్దమనిషి కలడు. తండ్రి నాటి వేట తుపాకి ఒకటి అతని యింట ఉన్నది. లైసెన్సు సక్రమముగానే ఉన్నది. ఇంటి పంపకముల విషయమై తమ్మునితో జగడమాడి, ఒకనాడు అందరి యెదుట, "నిన్ను చంపుదును" అనెను. సంగతి పోలీసుల వరకు పోయెను. ఒక సంవత్సరము శాంతిగా నడుచుకొందునని అతడు పూచీకత్తు వ్రాసి యియ్యవలసి వచ్చెను. దీనినే మనవారు బైండోవరు అందురు. ఆ గడువు తీరువరకు అతడు తుపాకి ఉంచుకొనకూడదు. కాబట్టి లైసెన్సు గల ఒక ఆయుధ వ్యాపారి యొద్ద దానిని దాచి, రసీదు తీసికొనెను.

నాలుగు నెలలు గడిచెను. దసరా ముందటి సాయంకాలమున అతడు దుకాణమునకు వచ్చి, "తమ్ముడూ, రేపు ఆయుధ పూజ. నాయన తుపాకి పూజలో లేకుండ ఏనాడును పండుగ జరుగలేదు. ఈ ఒక్క రాత్రికి ఇమ్ము, ఎల్లుండి తెల్లవారక మునుపే తెచ్చెదను" అనెను. వ్యాపారి అతనిని ఇరువది యేండ్లుగా ఎరుగును. ఇప్పుడు ఆ వ్యాపారి ఏమి చేయవలెను?

మొదట చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1878లో తెల్లదొరలు చేసిన ఆయుధ చట్టమునకు బదులుగా మన పార్లమెంటు 1959లో ఆయుధముల చట్టము చేసెను. అది 1962 అక్టోబరు 1న అమలులోనికి వచ్చినది. లైసెన్సు గడువు తీరినను, రద్దయినను, మరి ఏ కారణముచేతనైనను ఆయుధము ఉంచుకొను హక్కు పోయినవాడు ఆలస్యము చేయక దానిని దగ్గరి పోలీసు స్టేషనులో గాని, నియమములకు లోబడి లైసెన్సు గల వ్యాపారి యొద్ద గాని అప్పగించవలెనని 21వ సెక్షను చెప్పుచున్నది. ఎవరెవరు ఉంచుకొనకూడదో 9వ సెక్షను చెప్పుచున్నది. 21 సంవత్సరములు నిండనివారు, హింస లేక నీతిబాహ్యమైన నేరమునకు జైలుశిక్ష పొంది విడుదలయై 5 సంవత్సరములు గడవనివారు, శాంతి కొరకు పూచీకత్తు వ్రాసి ఆ గడువులో నున్నవారు ఉంచుకొనకూడదు. అట్టివానికి గాని, మతిస్థిమితము లేనివానికి గాని, ఆ సంగతి తెలిసియుండియు తుపాకి అమ్ముట మాత్రమే కాదు, బాగుచేసి యిచ్చుటయు నేరమే. ఎరువిచ్చుట, చేతికందించుట కూడ ఆ చట్టములో బదిలీ క్రిందనే లెక్క. తీసికొనువానికి హక్కున్నదో లేదో ముందుగా తెలిసికొనక ఆయుధమును అప్పగించుట 29వ సెక్షను క్రింద శిక్షార్హము. కాబట్టి ఒక్క రాత్రి అనినను అది అప్పగింతయే.

అయితే మరియొక ప్రక్కయు చూడవలెను. అప్పగించినంత మాత్రాన తుపాకి ప్రభుత్వపు సొత్తు కాలేదు, వ్యాపారి సొత్తును కాలేదు. నిర్ణయింపబడిన గడువులోగా యజమానికి హక్కు మరల వచ్చిన యెడల దానిని తిరిగి పొందవచ్చును. లేదా అర్హత గలవానికి అమ్మి, ఆ డబ్బు తానే తీసికొనవచ్చును. అతడు చనిపోయిన యెడల అతని వారసులకు ఆ హక్కు చెందును. గడువు దాటినను, జిల్లా మేజిస్ట్రేటు ముప్పది దినముల నోటీసు ఇచ్చి సంజాయిషీ అడుగక జప్తు చేయకూడదు. హైదరాబాదు నగరములో ఆ అధికారము పోలీసు కమిషనరుది. తుపాకి అతనిదే, చేతిలో ఉంచుకొను హక్కు మాత్రము ఇప్పుడు అతనికి లేదు. సొంతము వేరు, స్వాధీనము వేరు.

ఇట్లు ఆయుధమునకు దూరమగుట ఎల్లప్పుడును అవమానము కాదు. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల మంచి పేరు గలవారును తమ తుపాకులు పోలీసు స్టేషనులో అప్పగించి, ముగిసిన పిమ్మట తెచ్చుకొనుచున్నారు. 2019లో చట్టము సవరింపబడి, ఒకనికి మూడు తుపాకులకు బదులు రెండే అని నిర్ణయమైనప్పుడు, ఏ తప్పును చేయనివారు సహా మూడవదానిని ఒక సంవత్సరములోగా అప్పగించవలసి వచ్చెను. పంటను కాపాడుకొనుటకు నాటు తుపాకి లైసెన్సు గల రైతులకును ఈ చట్టమే వర్తించును.

ఈ ప్రశ్న మన కాలమున పుట్టినది కాదు. సుమారు 2,400 సంవత్సరముల క్రిందట గ్రీకు దేశపు జ్ఞానియైన ప్లేటో తన గ్రంథమునకు ఆరంభములోనే దీనిని పెట్టెను. ఎవని సొమ్ము వానికిచ్చుటయే న్యాయమని ఒక వృద్ధుడు తలంచుచుండగా, సోక్రటీసు అతనిని ప్రశ్నించెను. స్నేహితుడు మతి స్థిరముగా నున్నప్పుడు ఆయుధములు దాచమని యిచ్చి, మతి తప్పినప్పుడు వచ్చి అడిగిన యెడల ఇచ్చుట న్యాయమగునా? కాదని అందరును ఒప్పుకొనిరి. సొమ్ము తిరిగి యిచ్చుట మంచిదే. కాని న్యాయము అంతటితో తీరిపోదు.

మోషే ధర్మశాస్త్రములో ఈ విషయమునకు రెండు దీపములు ఉన్నవి. నిర్గమకాండము 22వ అధ్యాయములో, పొరుగువాడు దాచమని యిచ్చిన సొత్తు పోయినప్పుడు, దాచినవాడు దానిమీద చేయి వేసెనో లేదో దేవుని యెదుట విచారింపబడవలెనని ఉన్నది. ఇది సొమ్ము గలవానికి కాపుదల. దానికి ముందటి అధ్యాయములో పొడుచు ఎద్దు సంగతి ఉన్నది. ఎద్దు పొడుచునని ముందుగా తెలియజేయబడియు దానిని కట్టివేయక, అది మనుష్యుని చంపిన యెడల, ఎద్దు గలవాడు బాధ్యుడగును. ఇది దారిన పోవు పొరుగువానికి కాపుదల. తుపాకి దాచిన వ్యాపారి ఈ రెండు ఆజ్ఞల నడుమ నిలిచియున్నాడు. ఒక చేతితో యజమాని హక్కును కాపాడవలెను, రెండవ చేతితో ఆ తమ్ముని ప్రాణమును కాపాడవలెను. ఒకదాని కొరకు రెండవదానిని విడిచినవాడు నమ్మకమైన కాపరి కాడు.

ఇక నోబులోని యాజకుడైన అహీమెలెకును జ్ఞాపకము చేసికొందము. గొల్యాతు ఖడ్గము అతని యొద్ద బట్టతో చుట్టబడి ఏఫోదు వెనుక ఉండెను. దావీదు సౌలునుండి పారిపోవుచు వచ్చి, రాజు పనిమీద వచ్చితినని అబద్ధము చెప్పి ఆ ఖడ్గమును అడిగెను. అహీమెలెకు వణకుచు, ఒంటరిగా వచ్చితివేల అని ఒక ప్రశ్న వేసెను, చెప్పిన జవాబు నమ్మి ఇచ్చివేసెను. దోయేగు ఆ సంగతి సౌలుకు చెప్పగా యాజకులు 85 మంది చంపబడిరి. చంపిన పాపము సౌలుది, దోయేగుది. అహీమెలెకు నిర్దోషి. అయినను దావీదు తరువాత అబ్యాతారు యెదుట ఆ చావులకు తానే కారకుడనని ఒప్పుకొనెను. కాచువాని యొద్ద అబద్ధమాడి ఆయుధము తీసికొనువాడు ఒక ఖడ్గమును మాత్రమే తీసికొనిపోడు, కాచువాని యింటిమీదికి కీడును తెచ్చును. తెలిసినవాడు గదా అని పంజాగుట్ట పెద్దమనిషి చేతికి తుపాకి ఇచ్చినట్లయితే, ఆ వ్యాపారి లైసెన్సు, జీవనాధారము, పిల్లల అన్నము అన్నియు ఆ ఒక్క మాటమీద నిలిచియుండెడివి. కనుక అడుగువానికి సహా ఒక బాధ్యత కలదు. నీ మీద నమ్మకముంచినవానిని ఇట్టి ఇరుకున పెట్టకుము.

కాచువానికి వచ్చు శోధన ఇది యొకటియే కాదు. యజమాని చిక్కులో నున్నాడని యెరిగి, "దీనిని ఎవరు కొందురు? వచ్చినంతకు నాకే వదలివేయుము" అని తక్కువ వెలకు తీసికొనుట మరియొక శోధన. చట్టము తప్పకపోవచ్చును గాని, అది పడియున్నవానిని త్రొక్కుటయే. అమెరికా దేశములో ఇట్టి వ్యాజ్యెమొకటి నడిచెను. సరిహద్దు గస్తీ ఉద్యోగి యొకడు మాదకద్రవ్యముల నేరములో పడి, బెయిలు షరతు ప్రకారము తన తుపాకులను ప్రభుత్వమునకు అప్పగించెను. నేరము ఒప్పుకొనినందున వాటిని మరల ముట్టు హక్కు పోయెను. వాటిని ఒక స్నేహితునికి అమ్ముటకైనను, తన భార్యకు ఇప్పించుటకైనను సెలవు కోరగా, ప్రభుత్వము ఒప్పుకొనలేదు. 2015 మే 18న ఆ దేశపు సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరును ఏకముగా తీర్పు చెప్పిరి. తుపాకులు మరల అతని చెప్పుచేతలలోనికి రాకుండిన చాలును, వ్యాపారి ద్వారా గాని వేరొకని ద్వారా గాని వాటిని వదిలించుకొను హక్కు అతనికున్నదనిరి. దూరదేశమైనను అక్కడను అదే తక్కెడ. ప్రాణభయము ఒక ప్రక్క, సొమ్ము హక్కు ఒక ప్రక్క, రెండును తూచవలసినదే.

మన వ్యాపారి ఏమి చేసెను? పెద్దమనిషిని కూర్చుండబెట్టి, టీ తెప్పించి ఇట్లనెను: "అన్నగారూ, తుపాకి మీదే. నంబరు ఈ రిజిస్టరులో చూచుకొనుడి. తుప్పు పట్టకుండ నూనె పూసి ఉంచితిని. గడువు తీరి, కమిషనరుగారి ఆఫీసునుండి కాగితము తెచ్చిన దినమున నా చేతులతో ఇచ్చెదను. ఈ రాత్రి మాత్రము ఇయ్యను." అతడు కోపముతో లేచిపోయెను. ఇరువది యేండ్ల స్నేహము ఆ దినమున చెడెను.

ప్రియులారా, ఇక్కడనే ఈ పనిలోని బరువు ఉన్నది. ఆ తుపాకి నిజముగా పూజకు పోయెడిదో, తమ్ముని గుమ్మమునకు పోయెడిదో ఎవడును ఎరుగడు. ఇచ్చినందువలన పోయిన ప్రాణము పత్రికలో పడును. ఇయ్యనందువలన నిలిచిన ప్రాణము ఎవనికిని కనబడదు. ఆ తమ్ముడు సహా తాను కాపాడబడితినని ఎరుగడు. కాచువానికి కృతజ్ఞత రాదు, తిట్లు మాత్రము వచ్చును. తాను చేసినది సరియేనని రుజువు సహా దొరకదు. రుజువు దొరకకపోయినను చేయదగిన మేలు ఇట్టిది.

మన యిండ్లలో తుపాకి లేకపోవచ్చును. అయితే దాచమని యిచ్చిన వస్తువులు లేవా? అప్పుల బాధతో కుమిలిపోవు రైతు యింటినుండి పురుగుమందు డబ్బాను అతని భార్య తెచ్చి, "వదినా, మీ యింట దాచుము" అని మన చేతికిచ్చినప్పుడు, మరునాడు అతడే వచ్చి, "నా మందు నాకిమ్ము, చేనికి కొట్టవలెను" అని అడిగిన యెడల ఏమి చేయుదుము? త్రాగుబోతు ఒకడు తెలివిగా నున్న ఉదయమున కూలి డబ్బు దాచుమని యిచ్చి, సాయంకాలము తూలుచు వచ్చి అడిగిన యెడల ఏమి చేయుదుము? "అతని సొమ్ము అతనికిచ్చితిని, నాకేల?" అని చేతులు దులుపుకొనుట సులువు. చేనికి మనమే తోడు వెళ్లి మందు కొట్టించి, మిగిలినది మరల తెచ్చి దాచుట కష్టము. ఆ డబ్బులో ఒక్క పైసా ముట్టక, తెల్లవారిన పిమ్మట లెక్కకు లెక్క అప్పగించుట కష్టము. ఆ కష్టమే నమ్మకత్వము.

ఇదియు మరువకుడి. చట్టము విధించిన గడువులు తీరును. పూచీకత్తు ముగియును, 5 సంవత్సరములు గడచును. నేడు ఇయ్యరాదని చెప్పిన నోటితోనే ఒకనాడు, "ఇదిగో మీది, తీసికొనుడి" అని చెప్పవలసి వచ్చును. కాబట్టి ఈ దినమున కాదనునప్పుడు సహోదరుని కాదన్నట్లు చెప్పుదము, శత్రువును కాదన్నట్లు వద్దు. మన యొద్ద దాచబడినవాటి విషయములోను, మన చుట్టునున్న ప్రాణముల విషయములోను దేవుడు మనలను నమ్మకస్థులనుగా కనుగొనును గాక.